గుంటూరులో మూడేళ్ల బాబుకు ఆటిజం అన్నారు: థెరపీ, బడి, సర్టిఫికెట్‌లలో ఏది ముందు?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, మీలాంటి ఇంకొకరు చదివినా అర్థమవుతుంది. కొరిటెపాడులో ఉంటున్నారు. బాబుకు మూడేళ్ల రెండు నెలలు. పేరు పెట్టి పిలిస్తే చూడడు. కావలసింది వేలితో చూపించడు, మీ చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు. కారు బొమ్మ తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటాడు. రెండేళ్లలోపు వచ్చిన నాలుగైదు మాటలు తర్వాత పోయాయి. పిల్లల డాక్టరు ఆటిజం, మైల్డ్ అన్నారు. ఒక సెంటరు వాళ్లు రోజుకు నాలుగు గంటలని చెప్పి ఆరు నెలల ఫీజు ముందే కట్టమంటున్నారు. జూన్‌లో ఎల్‌కేజీలో వెయ్యాలా, మంచి సెంటర్ల కోసం విజయవాడకు ఇల్లు మారాలా, వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందా, రెండో బిడ్డ గురించి ఆలోచించవచ్చా అని అడిగారు.

తొందరగా తేలేది ముందు: ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టకండి. ఒక చోటు పిల్లాడికి పడుతుందో లేదో తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పడకపోతే మానేసే వీలు మీ చేతిలో ఉండాలి. నెలనెలా కట్టించుకునే వాళ్ల దగ్గరికే వెళ్లండి, సెషన్‌కి ఇంత అని లెక్క చెప్పే వాళ్లయితే ఇంకా నయం.

రోజుకు నాలుగు గంటలు అన్న మాట వినడానికి బాగుంటుంది. అందులో ఒక మనిషి ఒక్క మీ బాబుతోనే కూర్చునేది ఎంతసేపు, నలుగురైదుగురు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టేది ఎంతసేపు అని కాగితం మీద రాసిమ్మనండి. సగం మంది అక్కడే తడబడతారు. మూడేళ్ల పిల్లాడు పగటి నిద్రతో కలిపి 11, 12 గంటలు పడుకుంటాడు, మెలకువగా ఉండేది వారానికి 84 గంటలు. వారానికి రెండు స్పీచ్ సెషన్లు, రెండు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అనుకుంటే మూడు గంటలు. మిగతా 81 గంటలు మీ ఇంట్లోనే గడుస్తాయి. ఆ 81 గంటల్లో ఏం చెయ్యాలో మీకు నేర్పడానికే మీరు ఫీజు కడుతున్నట్టు లెక్క. సెంటరు మంచిదా కాదా అని నేను చూసే మొదటి కొలత కూడా ఇదే: తల్లిదండ్రుల్ని లోపల కూర్చోనిస్తారా? మొదటి వారం "మిమ్మల్ని చూస్తే ఏడుస్తున్నాడు, బయట ఉండండి" అంటే అర్థముంది. మూడో నెలలోనూ అదే మాట అయితే ఆ చోటు వదిలెయ్యండి.

థెరపీ మొదలుపెట్టే లోపు, లేదా దానితోపాటే, కొన్ని పరీక్షలు తేల్చుకోవాలి. మొదటిది వినికిడి. పిలిస్తే పలకని ప్రతి పిల్లాడికీ, ఆటిజం అని ఎంత స్పష్టంగా కనిపిస్తున్నా సరే, బేరా, ఓఏఈ అనే వినికిడి పరీక్షలు చేయించాలి. టీవీలో పాటొస్తే పరిగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకుంటారు. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడని పిల్లలుంటారు. బేరాకు పిల్లాడు నిద్రపోవాలి. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపి, ఆసుపత్రికి వెళ్లే దారిలో ఆటోలో కునుకు తీయకుండా చూసుకోండి. దారిలో పది నిమిషాలు నిద్రపోయాడంటే అక్కడ మందు పోసినా పడుకోడు, ఇంకో రోజు రమ్మంటారు. రెండోది రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ. పాలు, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం మామూలే. దానివల్ల నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే పగలు చిరాకు. మూడోది ఈఈజీ, మెదడు తరంగాల పరీక్ష. ఇది అందరికీ అక్కర్లేదు. మీ బాబుకు వచ్చిన మాటలు పోయాయి కాబట్టి మాత్రం పిల్లల న్యూరాలజిస్టుకు ఒకసారి చూపించి, అవసరమా అని ఆయన్నే అడగండి. ఉన్నట్టుండి కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, ఒళ్లు జలదరించినట్టు కుదుపులు ఉంటే ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. ఎంఆర్‌ఐ ఊరికే తీయించాల్సిన పని లేదు.

రోగనిర్ధారణ కాగితం ఒకటి గట్టిగా చేతిలో ఉండాలి. పిల్లల డాక్టరు నోటిమాటగా చెప్పింది దేనికీ పనికిరాదు. డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్, చైల్డ్ సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, వీరిలో ఒకరు ప్రామాణిక స్కేలుతో చూసి రాసిన రిపోర్టు కావాలి. ఇండియాలో సర్టిఫికెట్‌కు వాడే స్కేలు ఇసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం). అందులో 40 అంశాలుంటాయి. 70 లోపు స్కోరు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 మైల్డ్, 107 నుంచి 153 మోడరేట్, ఆపైన సివియర్. మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగం, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ఇంకా లోతుగా ఒకసారి చూపించుకోవాలనుకుంటే సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో నీపిడ్ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన సంస్థ. అక్కడ ఒకసారి అసెస్‌మెంట్ చేయించుకుని, ఇంట్లో చేసే పనులు రాయించుకుని రావచ్చు. మైల్డ్ అన్న మాట మాత్రం మనసులో గట్టిగా పెట్టుకోకండి. మూడేళ్లప్పుడు మైల్డ్ అన్న పిల్లాడికి బళ్లో ఎక్కువ సాయం కావలసి రావచ్చు, సివియర్ అన్న పిల్లాడు ఆరేళ్లకు కూర్చుని రాయవచ్చు.

ఇక ఎవరి పనేమిటో. స్పీచ్ థెరపిస్టు పలుకు ఒక్కటే చూడరు, చూపించడం, అడగడం, వంతు తీసుకోవడం అన్నీ వారి పనే. ఓటీ అంటే ఒంటి పనులు, తిండి, బట్టలు, శబ్దాలు, స్పర్శ తట్టుకోవడం. స్పెషల్ ఎడ్యుకేటర్ బడికి కావలసినవి నేర్పుతారు. స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు, క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఉండాలి. ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఓటీ, ఫిజియోలు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్లను డిగ్రీ ఎక్కడ చేశారని అడగండి. బోర్డు మీద ఉన్న పేరు ఒకరిది, రోజూ పిల్లాడితో కూర్చునేది ఆరు వారాల కోర్సు చేసిన అమ్మాయి అయితే, ఆ అమ్మాయి మంచిదే కావచ్చు, కానీ ఆమె పనిని వారానికి ఒకసారైనా ఆ డిగ్రీ ఉన్నవారు చూస్తున్నారా అన్నది మీరు తేల్చుకోవాలి.

చేరిన రెండు వారాల్లో లక్ష్యాలు రాసివ్వమనండి. "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేయడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "ఇష్టమైన వస్తువు కావాలంటే పదిసార్లలో ఏడుసార్లు వేలితో చూపిస్తాడు, మూడు నెలల్లో" అని రాస్తే అదీ లక్ష్యం. అలాంటివి మూడు చాలు. మూడు నెలలకు వాటిలో ఒక్కటీ కదలకపోతే పద్ధతి మార్చమని అడగాలి, పిల్లాడి తప్పు అనకూడదు. కుర్చీకి కట్టడం, చీకటి గదిలో పెట్టడం, కళ్లలోకి చూసేదాకా గడ్డం పట్టుకుని తిప్పడం కనిపిస్తే ఆ రోజే మానిపించండి. ఇంకా మాటలు రాని పిల్లాడు జరిగింది ఇంటికొచ్చి చెప్పలేడు. అందుకే తలుపుకు అద్దం ఉన్న గది, లేదా మీరు చూడగలిగే కెమెరా ఉన్న చోటు మేలు.

ఇంట్లో పని అంటే ఏమిటో ఒకటి వివరంగా చెబుతాను, మిగతావి ఇదే పద్ధతి. బాబుకు జంతికలంటే ఇష్టమనుకోండి. మూత బిగువుగా ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు ముక్కలు వేసి అతనికి కనబడేలా, మీ మోకాళ్ల దగ్గర పెట్టుకుని ఎదురుగా నేల మీద కూర్చోండి. అతను డబ్బా లాగుతాడు, మూత రాదు, మీ చెయ్యి పట్టుకుంటాడు. అప్పుడు వెంటనే తీసేయకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి, అతని ముఖం చూస్తూ ఉండండి. మీ వైపు చూపు వచ్చినా, చిన్న శబ్దం వచ్చినా, వేలు తగిలినా "తీయి" అని మీరే ఒక్క మాట అని మూత తీసి చిన్న ముక్క ఇవ్వండి. పెద్ద ముక్క ఇస్తే అయిదు నిమిషాలు నములుతూ వెళ్లిపోతాడు, ఇంకో అవకాశం పోయింది. వేలిగోరంత ముక్కయితే పది అవకాశాలు. రోజుకు రెండు పూటలా, ఆకలిగా ఉన్నప్పుడు, అయిదేసి నిమిషాలు చాలు. అయిదు సెకన్లు దాటి ఆపితే ఏడుపు మొదలవుతుంది, ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటాడు. అందుకే ఏడుపు రాకముందే ఇచ్చెయ్యాలి. ఇది కుదిరాక బుడగల సీసా, ఊయల, నీళ్ల మగ్గు, ఇలా మార్చుకుంటూ పోండి. ఊయల ఆపి పట్టుకుని "ఊపు" అనడం, మగ్గు పట్టుకుని "పోయి" అనడం.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. పిల్లాడు రాగానే "ఏం కావాలి నాన్నా, నీళ్లు కావాలా, బిస్కెట్ కావాలా" అని ప్రశ్నల వాన. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది విన్నది విన్నట్టే పట్టుకుంటారు. కొన్నాళ్లకు దాహం వేసినప్పుడు మీ దగ్గరికొచ్చి "నీకు నీళ్లు కావాలా" అంటాడు. మీరు అడిగే రాగంతో సహా. అది తప్పు మాట్లాడటం కాదు, నీళ్లతో ఆ వాక్యం వస్తుందని అతను నేర్చుకున్నాడు. కాబట్టి అతని నోట రావలసిన మాటే మీ నోటి నుంచి రావాలి: "నీళ్లు", ఇంకొంచెం వచ్చాక "నాకు నీళ్లు కావాలి". ప్రశ్నలు తగ్గించి, చేస్తున్న పనికి మాట జోడించండి. ఇంట్లో తెలుగే మాట్లాడండి. బడిలో ఇంగ్లిష్ కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లిషే అని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలకు మాట ఆలస్యమవుతుందని ఇంతవరకు ఏ పరిశోధనలోనూ తేలలేదు. నాయనమ్మ, తాతయ్య, పక్కింటి పిల్లలు అందరూ తెలుగు మాట్లాడే చోట అతనికి తెలుగు తీసేస్తే మాట్లాడటానికి మనుషులే ఉండరు.

మాట ఇంకా రాలేదని ఫొటోలతో, బొమ్మలతో అడగడం నేర్పితే ఇక మాట్లాడడేమో అన్న భయం పెట్టుకోకండి, అది జరగదు. అన్నం పళ్లెం, నీళ్ల గ్లాసు, బాత్రూం, బయటికి వెళ్లే చెప్పులు, మీ ఇంట్లోవే ఫోన్‌తో ఫొటో తీసి రెండంగుళాల సైజులో ప్రింటు తీయించి లామినేట్ చేయించండి. ఏ జిరాక్స్ షాపులోనైనా చేస్తారు. వెనక వెల్‌క్రో ముక్క అంటించి గోడ మీద అతని ఎత్తుకు పెట్టండి. మొదట రెండే రెండు పెట్టాలి. ఒకేసారి ఇరవై పెడితే అది గోడ బొమ్మ అయిపోతుంది.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఫోన్ వల్ల ఆటిజం వచ్చింది, ఫోన్ మానేస్తే పోతుంది అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నమ్మి తల్లిని తిట్టే పెద్దవాళ్లు కూడా. ఫోన్ వల్ల ఆటిజం రాదు. కానీ రోజుకు నాలుగు గంటలు ఫోన్ చూస్తే పైన చెప్పిన డబ్బా ఆటకు, ఊయలకు సమయం మిగలదు. అన్నం తినేటప్పుడు ముందు తీసెయ్యండి, అక్కడే గొడవ ఎక్కువ. వారం రోజులు తిండి తగ్గుతుంది, తట్టుకోండి.

విజయవాడకు మారాలా? అక్కర్లేదు. అక్కడ సూర్యారావుపేట, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల సెంటర్లు ఎక్కువ ఉన్న మాట నిజమే, కానీ గుంటూరులోనూ బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు చూసుకోదగ్గవి దొరుకుతాయి. ముప్పై చిల్లర కిలోమీటర్లు బస్సులోనో కారులోనో వారానికి అయిదు రోజులు తిప్పితే సెషన్‌కు చేరేసరికే పిల్లాడు అలిసిపోయి ఉంటాడు, ముఖ్యంగా ఎండాకాలం. మీకు నచ్చిన సీనియర్ థెరపిస్టు విజయవాడలో ఉంటే నెలకు ఒకసారి వెళ్లి ఇంటి కార్యక్రమం సరిచూసుకుని రండి, వారం వారం సెషన్లు గుంటూరులోనే పెట్టుకోండి. ఇల్లు మారితే తాతయ్య, నాయనమ్మల సాయం కూడా పోతుంది. ఆ సాయం విలువ ఎంతో మూడో నెలలో తెలుస్తుంది.

డబ్బు ఖర్చు లేని దారి కూడా ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఐఈఆర్‌టీ టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు కూడా వారంలో కొన్ని రోజులు వస్తారు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే మీకు దగ్గరిది ఏదో చెబుతారు. నాణ్యత ఆ టీచరును బట్టి ఉంటుంది. ఒక చోట బాగుంటుంది, పక్క మండలంలో తాళం వేసి ఉంటుంది. వెళ్లి చూడండి. పేరు నమోదవ్వడం ఎలాగూ ముందుముందు బడి, ఉపకరణాల విషయంలో పనికొస్తుంది. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద డీఈఐసీ అనే తొలిదశ చికిత్స కేంద్రం కూడా ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా ఉంటుంది. మీ ఏఎన్‌ఎంని అడిగి రిఫరల్ రాయించుకోండి.

బడి. మీ బాబుకు జూన్ నాటికి మూడున్నర. ఈ జూన్‌లోనే ఎల్‌కేజీలో వేస్తే అయిదున్నరకు ఒకటో తరగతి. ఏడాది ఆగితే ఆరున్నరకు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అనే చెబుతోంది, కాబట్టి ఆగడం వల్ల నష్టమేమీ లేదు, నేనైతే ఆగమంటాను. ఆగడం అంటే ఇంట్లోనే కూర్చోబెట్టడం కాదు. పది, పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు ఉండే చిన్న ప్లేస్కూల్‌లో రోజుకు గంటన్నర, రెండు గంటలు. లేదా దగ్గరి అంగన్‌వాడీ. దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు 2023 నవంబరులో కేంద్రం ప్రత్యేక ప్రోటోకాల్ ఇచ్చింది, చేర్చుకోమని అడగడానికి అది చాలు. "బళ్లో వేస్తే తోటి పిల్లల్ని చూసి మాటలొచ్చేస్తాయి" అన్న మాట మీకు ఈపాటికి పదిమంది చెప్పి ఉంటారు. నలభై మంది ఉన్న ఎల్‌కేజీ గదిలో మాట రాని పిల్లాడు నేర్చుకునేది ఒకటే, మూలన కూర్చోవడం.

ఆ ఏడాదిలో బడి కోసం మూడు పనుల మీద పడండి: చుట్టూ పిల్లలుండగా అయిదు నిమిషాలు కూర్చోవడం, మీరు కాని ఇంకొక పెద్దమనిషి చెప్పిన ఒక్క మాట వినడం, బాత్రూం. ఏ, బీ, సీ, డీలు మీరు నేర్పక్కర్లేదు. ఇలాంటి పిల్లల్లో కొందరు ఫోన్‌లో చూసి వందదాకా అంకెలు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు. అది చూసి బడివాళ్లు, చుట్టాలు మురిసిపోతారు. ఆ పిల్లాడే దాహమేస్తే అడగలేక ఏడుస్తాడు. మీరు పట్టించుకోవలసింది ఆ రెండోది.

బాత్రూం నేర్పడానికి ఎండాకాలం మంచిది. బాబు గంటన్నర పొడిగా ఉండగలుగుతున్నాడా అని రెండు రోజులు చూడండి. ఉంటే పగలు డైపర్ పూర్తిగా తీసెయ్యండి. సగం రోజు వేసి సగం రోజు తీస్తే ఎప్పుడేం చెయ్యాలో అతనికి తెలియదు. లేవగానే, తిన్న పావుగంటకు, ఆపైన గంటకోసారి తీసుకెళ్లి మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. కాళ్లు నేలకు ఆనాలి, వెస్టర్న్ అయితే కింద పీట వెయ్యండి. ఫ్లష్ శబ్దానికి భయపడితే పిల్లాడు బయటికొచ్చాక మీరు నొక్కండి. మలబద్ధకం ఉంటే ముందు అది డాక్టరుతో బాగుచేయించుకోవాలి, నొప్పి ఉన్నంతకాలం ఏ శిక్షణా పనిచేయదు.

వచ్చే ఏడాది బడి వెతికేటప్పుడు పేరును బట్టి వెళ్లకండి. బోర్డు సీబీఎస్‌ఈనా, స్టేటా, టెక్నోనా, ఒలింపియాడా అన్నది ఈ వయసులో లెక్కలోకి రాదు. ఆ ఎల్‌కేజీ టీచరును కలవనివ్వమనండి. సెక్షన్‌కు ఎంతమంది, ఆయా ఉందా, మొదటి నెల సగం పూట పంపితే ఒప్పుకుంటారా, ఏడిస్తే ఏం చేస్తారు అని అడగండి. "అన్నీ మేం చూసుకుంటాం మేడం" అనే ప్రిన్సిపాల్ కంటే "మాకు తెలియదు, మీరు చెబితే చేస్తాం" అనే టీచరు వెయ్యిరెట్లు నయం. విషయం దాచి చేర్పించొద్దు. రెండో వారానికల్లా బయటపడుతుంది, అప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు.

టీచరుకు ఒక్క పేజీ, తెలుగులో రాసివ్వండి. రిపోర్టుల కట్ట ఇస్తే ఎవరూ చదవరు. అందులో ఉండాల్సింది ఇంతే: పేరు పిలిచేటప్పుడు దగ్గరికొచ్చి ముందు నుంచి పిలవండి. ఒకసారికి ఒక్క మాట చెప్పండి. ప్రేయర్ మైకు శబ్దానికి చెవులు మూసుకుంటాడు, ఆ పది నిమిషాలు వెనక వరసలో, స్పీకరుకు దూరంగా నిలబెట్టండి. నీళ్లకు ఈ సైగ చేస్తాడు, బాత్రూంకు ఈ ఫొటో చూపిస్తాడు. కోపమొస్తే చెయ్యి కొరుక్కుంటాడు, మాట్లాడకుండా పక్కకు తీసుకెళ్లి రెండు నిమిషాలు ఉంచండి. గేటు తీసి ఉంటే పరిగెడతాడు.

షాడో టీచరును, అంటే తరగతిలో ఒక్క మీ బాబునే చూసుకునే మనిషిని, పెట్టుకోమని చాలా బడులు షరతు పెడతాయి, జీతం మీదే. అవసరమైతే పెట్టుకోండి గానీ ఆమె పిల్లాడికీ తరగతికీ మధ్య గోడ అయిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. టీచరు అతనితో మాట్లాడటం మానేస్తుంది, వర్క్‌షీట్ షాడోనే పూర్తిచేసి ఇంటికి పంపిస్తుంది, అందరూ సంతోషం. ఆమె వెనక కూర్చోవాలి, పక్కన కాదు. టీచరు చెప్పింది పిల్లాడు వినకపోతేనే చెయ్యి వెయ్యాలి. మూడు నెలలకోసారి ఏయే పీరియడ్‌లో ఆమె లేకుండా ఉండగలడో రాసుకుని తగ్గించుకుంటూ రావాలి.

బడి నిరాకరిస్తే చట్టం మీ వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న బడులు వైకల్యం కారణంగా కాదనకూడదు. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, దగ్గర్లోని బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతికి 25 శాతం ఉచిత సీట్లలో మన రాష్ట్రంలో 5 శాతం అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు కేటాయించారు. ఏటా నోటిఫికేషన్ వస్తుంది, గడువు తక్కువ ఇస్తారు. ఎంఈఓ, డీఈఓ (జిల్లా విద్యాధికారి), ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ కొట్లాడి తెచ్చుకున్న సీటులో చదువు చెప్పే మనసున్న మనిషి లేకపోతే ఆ గెలుపుతో పిల్లాడికి ఒరిగేదేమీ లేదు. రెండు బడులు కాదంటే మూడోదానికి వెళ్లండి. వీధిలో ఒక్కటే బడి ఉన్నప్పుడు మాత్రం ఫిర్యాదు దాకా వెళ్లక తప్పదు.

సర్టిఫికెట్ వల్ల ముద్ర పడదు, తీసుకోండి. మీరు చూపించిన చోటే అది కనిపిస్తుంది. వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాటు బుక్ చేయించుకోవాలి. స్లాట్లు తెరిచిన గంటల్లోనే అయిపోతాయి, ఎప్పుడు తెరుస్తారో సచివాలయం వాళ్లతో టచ్‌లో ఉండండి. ముందు ఆధార్ సరిచూసుకోండి. అయిదేళ్లలోపు పిల్లల నీలం ఆధార్‌లో ఉన్న పేరు, బర్త్ సర్టిఫికెట్‌లోని పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత ప్రతిచోటా ఇబ్బందే. ఇసా రిపోర్టు, థెరపీ నోట్సు, రెండు మూడు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. ఆ రోజు బాబు బుద్ధిగా మీ ఒళ్లో కూర్చుని ఉండొచ్చు, డాక్టరు చూసేది ఆ పది నిమిషాలే. శాతం కనీసం 40 లేకపోతే చాలా పథకాలు వర్తించవు, తక్కువ వేశారనుకుంటే అప్పీలు చేసుకునే హక్కు ఉంది. వైకల్యం పేరు దగ్గర ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అనే పడిందా, పొరపాటున మానసిక వ్యాధి అని పడిందా అన్నది అక్కడే చదువుకుని బయటికి రండి. తర్వాత మార్పించడం పెద్ద పని. చిన్న పిల్లలకు తాత్కాలికంగా ఇస్తారు, గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు పసుపు రంగులో వస్తే 40 నుంచి 80 శాతం మధ్య అని, తెల్లదైతే 40 లోపని అర్థం.

సర్టిఫికెట్ వల్ల వచ్చేవి: కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష వరకు. థెరపీ ఖర్చుకు అందులో విడిగా ఒక పరిమితి ఉంటుంది, బిల్లుల మీద థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అర్హత ఉంటే ఎన్టీఆర్ భరోసా పింఛను, 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000. కుటుంబ ఆదాయం, ప్రభుత్వ ఉద్యోగం లాంటివి చూస్తారు. పాత ఆదాయపు పన్ను విధానంలో రిటర్ను వేస్తే 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. పెద్దయ్యాక పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే మనిషి).

వైద్యం పేరుతో జరిగే మోసాలు మీ దాకా వస్తాయి, వచ్చి ఉంటాయి కూడా. స్టెమ్‌సెల్ చికిత్స ఆటిజానికి ఆమోదించిన వైద్యం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన ప్రయోగాల బయట దాన్ని అమ్మడం అనైతికం. లక్షలు పెట్టి అప్పులపాలవ్వకండి. ఒంట్లోని లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రాణాంతకం, పిల్లలు చనిపోయిన దాఖలాలున్నాయి. గోధుమలు, పాలు మానిపించే డైటుకు గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు మాత్రమే తినే పిల్లాడికి పెరుగన్నం కూడా తీసేస్తే మిగిలేదేముంది? టీకాలకూ ఆటిజానికీ సంబంధం లేదు, ఆపకండి. ఇక వసకొమ్ము. పెద్దవాళ్ల తృప్తి కోసం ఏదో ఒకటి చేయనివ్వాలనిపిస్తుంది, కానీ వస అరగదీసి నాకిస్తే మాటలు రావు, పసిపిల్లలకు వాంతులు కూడా కావచ్చు. గుడికి తీసుకెళ్లండి, మొక్కుకోండి, నోట్లోకి మాత్రం ఏదీ పోనివ్వకండి.

అమ్మమ్మగారిల్లు విజయవాడ కృష్ణలంక అన్నారు కాబట్టి ఇది విడిగా రాస్తున్నాను. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ, పైగా చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు. ఇటు బందరు కాలువ, అటు కృష్ణ. ఇంటికి వెళ్లగానే మొదట వీధి తలుపుకు పెద్దవాళ్ల ఎత్తులో పైగడియ పెట్టించండి. చొక్కా లోపలి వైపు ఫోన్ నంబరు కుట్టించండి, మెడలో కార్డు అతనే తీసి పారేస్తాడు. కనబడకపోతే ముందు వెతకాల్సింది కాలువ, నీళ్ల సంపు. వీధి చివర కాదు. సంపు మూతకు ఎప్పుడూ తాళం ఉండాలి. పక్కన నాలుగిళ్ల వాళ్లకు బాబును చూపించి "ఒంటరిగా కనిపిస్తే ఆపండి, పిలిస్తే పలకడు" అని చెప్పి రండి. అయిదేళ్లు రాగానే ఈత నేర్పించండి.

రెండో బిడ్డ సంగతి. మొదటి బిడ్డకు ఆటిజం ఉన్న కుటుంబాల్లో తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు అయిదింట ఒకటి అని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అంటే అయిదుగురిలో నలుగురికి రాదు. జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లదలిస్తే గర్భం రాకముందే వెళ్లండి. ఫ్రజైల్ ఎక్స్, మైక్రోఅర్రే అనే జన్యు పరీక్షలు బాబుకు చేసి చూస్తారు, చాలామందిలో ఏమీ దొరకదు, దొరికితే లెక్క మారుతుంది. నిర్ణయం మీ ఇద్దరిదే, అత్తగారిది, చుట్టాలది కాదు. ఇప్పుడు మీ ఇంట్లో రాత్రిళ్లు ఎవరు మేలుకుంటున్నారు, ఆ మనిషికి ఎంత ఓపిక మిగిలింది అన్నది ముందు చూసుకోండి. బిడ్డ పుడితే తొమ్మిదో నెల నుంచి పేరుకు పలకడం, చూపించిన వైపు చూడటం గమనించండి, 18 నెలలకు ఎం-చాట్ అనే, ఆటిజం అనుమానం ఉందో లేదో చూసే ప్రశ్నావళి నింపండి. 20 ప్రశ్నలే, పిల్లల డాక్టరు దగ్గరే అయిపోతుంది. అనుమానం వస్తే బాబుకు ఆగినట్టు మూడేళ్ల దాకా ఆగకుండా ఆ నెలలోనే డబ్బా ఆట మొదలుపెట్టెయ్యవచ్చు, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.